రోళ్లపాటి బీటిలో శీతకాలపు గూబ

సంక్రాంతికి ముందు, జొన్నచేలు కంకిమీద నుండు దినములలో, నందికొట్కూరు సీమయందు ప్రొద్దు గ్రుంకువేళ బీటికి పోయినవారికి ఒక్కొక్కప్పుడు ఒక వింత కనబడును. కాలి చప్పుడునకు గడ్డిలోనుండి కపిలవర్ణపు పక్షి యొకటి లేచి, రెక్కల సవ్వడి లేకుండ తక్కువ యెత్తున తేలి, కొంతదూరము పోయి మరల నేలమీదనే వ్రాలును. తల త్రిప్పి చూచినపుడు గుండ్రని ముఖమును, పసుపుపచ్చని కన్నులును తెలియవచ్చును. అది గూబ. చింతచెట్టు తొఱ్ఱలో కాపురముండు మన పైడికంటి గాని, పాడుగోడలలో నుండు తెల్లగూబ గాని కాదు. ఈ గూబకు చెట్టుతో పని లేదు. పగలు గడ్డి మొదళ్ల నడుమ పండుకొని, సాయంకాలము వేటకు లేచును. నెత్తిన రెండు పొట్టి యీకల కుచ్చులుండుటచే దీనిని పొట్టిచెవుల గూబ యనవచ్చును. అవి నిజమైన చెవులు కావు. వినెడి రంధ్రములు ముఖపు ఈకల చాటున నున్నవి.

దీని పుట్టినిల్లు మనదేశము కాదు. ఐరోపా ఉత్తరభాగమునను సైబీరియాలోను నేలమీదనే గూడు పెట్టును. అచట దీని ముఖ్యాహారము పొలపుటెలుకలవంటి చిన్నజంతువులు. ఆ జంతువులు విస్తారముగా నున్న యేట ఎక్కువ గ్రుడ్లు పెట్టును, కరవైన యేట తక్కువ పెట్టును. మంచు క్రమ్మినప్పుడు దక్షిణమునకు బయలుదేరి, పర్వతములు దాటి, మన గడ్డినేలలు చేరును. ఆహారము వెదకికొనుచు ఊరు విడుచుట మన సీమవారికి తెలియని సంగతి కాదు గదా!

దీనితోపాటు పిల్లిగద్దలును వచ్చును. పగలంతయు బీటిపై నాగటిచాలువలె అటునిటు తిరుగుచు మిడుతలను, చిన్నపిట్టలను పట్టి, రాత్రి గుంపుగూడి గడ్డిలోనే నిద్రించును. పిల్లిగద్దకును గూబవలె గుండ్రని ముఖపుటంచు కలదు. అదియు చెవితో వేటాడును. పగటి కాపరి దిగువేళకు రాత్రి కాపరి లేచునన్నమాట. రోళ్లపాడు మిడుతూరు మండలములోనిది. ఆ పేరిలో మిడుత వినబడుట కాకతాళీయమే యైనను నాకు ముచ్చటగా నున్నది.

ఈ పక్షులను గూర్చి వ్రాసినవారిలో జెర్డను దొర ముఖ్యుడు. మదరాసు ప్రభుత్వమున వైద్యుడై, నెల్లూరులో చాలకాలముండి, 1862 మొదలు 1864 వరకు భారతదేశపు పక్షులను గూర్చి గ్రంథము ప్రకటించెను. అందు పక్షుల వివరములతో తెలుగుపేర్లను గూడ చేర్చుట మెచ్చదగినది. మన పండితులు ఆ కాలమున పావురమునకును హంసకును సంస్కృతమున పేర్లు వెదకుచుండగా, పల్లెవారు పిలిచెడి పేర్లను కాగితమున కెక్కించినవాడు పరదేశి!

ఇక ఆ బీటి చరిత్ర. ప్రభుత్వపు లెక్కలలో ఇట్టి నేలకు బంజరని పేరు. 1876లో మొదలైన ధాతకరవు ఈ సీమను నాశనము చేసినది. ఆ బాధ విన్నవారు నీటికై పరితపించుటను తప్పుపట్టుటకు నాకు నోరు రాదు. కర్నూలు కడప కాలువను అంతకు ముందే యొక ఇంగ్లీషు కంపెనీ త్రవ్వించెను. 1882లో ప్రభుత్వము దానిని కొనెను. కాలువ అందని మెట్టలో గడ్డి మిగిలినది. ఆ గడ్డిలో బట్టమేకపక్షి మిగిలినది. 1979-80 ప్రాంతమున రోళ్లపాటిలో ఆ పక్షి యున్నదని లోకమునకు తెలిసినది. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘమువారు వచ్చి పరిశోధించిరి. 1988లో సుమారు 1,500 ఎకరములు అభయారణ్యముగా ప్రకటింపబడినవి.

కాని పక్షికి హద్దురాళ్లు తెలియవు. బట్టమేక చుట్టుప్రక్కల చేలలోను మేసెడిది. అలగనూరు జలాశయము వచ్చి, కొఱ్ఱ జొన్నలకు బదులు నీటి పైరులు పెరిగినవి. రైతులకు మేలు కలిగినది. బట్టమేకకు మేత చోటు తగ్గినది. ఏడాదికి సాధారణముగా ఒక్క గ్రుడ్డు పెట్టు పక్షి యది. తగ్గిన సంఖ్య మరల కూడుట దుర్లభము. ఇటీవలి యేండ్లలో దాని జాడ అచట కరవైనది. అభయారణ్యమును ఆ పక్షికై పెట్టిరి. ఇప్పుడందు కృష్ణజింకలును, శీతకాలపు అతిథులును ఉన్నవి.

ఆ అతిథులలో గూబకు మరియొక చిక్కు కలదు. ఇంటిపై గూబ వ్రాలిన ఇల్లు విడిచి శాంతి చేయించుకొను ఆచారము మీరెరుగనిది కాదు. పంచతంత్రములో కాకోలూకీయమందు గూబల దుర్గము తగులబడిపోవును. వంగదేశమున నదే గూబ లక్ష్మీదేవికి వాహనము! ఒక్క పక్షికి రెండు జాతకములెట్లు కుదురును? నామట్టుకు నేను గాదెలో ఎలుకలను లెక్కించువాని మాటే నమ్ముదును. ఎలుకలను గూబ మ్రింగి, ఎముకలను బొచ్చును ఉండచుట్టి కక్కును. పరిశోధకులు ఆ ఉండలను విప్పి దాని భోజనమును లెక్కింతురు. మీ పాడుగోడ క్రింద వెదకినచో మీకును దొరకును. 1972 నాటి వన్యప్రాణి చట్టము గూబలను చంపరాదనుచున్నది. ఐనను క్షుద్రపూజలకై వాటిని పట్టుట నిలువలేదు.

బట్టమేకను కన్నులార చూచినవారు మీలో నింకను కొందఱుందురు. దానిని ఏ చేనిలో, ఏ నెలలో చూచితిరో మనుమలచేత వ్రాయించి యుంచుడు. ఆ లెక్క ఏ కచేరీలోను దొరకదు. గూబ మాత్రము ఈ యేడును వచ్చును. శివరాత్రి దాటి ఎండ ముదురునప్పుడు, ఒకనాటి రాత్రి గడ్డిలోనుండి లేచి ఉత్తరముగా పోవును.