డాక్టరేట్ మౌఖిక పరీక్ష

పరిశోధక విద్యార్థి తన సిద్ధాంత గ్రంథంపై పరీక్షకులు వేసే ప్రశ్నలకు ఎదురుగా కూర్చుని జవాబు చెప్పే పరీక్ష ఇది. మన విశ్వవిద్యాలయాల్లో అందరూ ‘వైవా’ అంటారు. ‘వైవా వోసీ’ అన్న లాటిన్ మాటకు ‘సజీవమైన గొంతుతో’ అని అర్థం. ఈ పరీక్ష థీసిస్ కన్నా పాతది. నోటి పరీక్ష ముందు పుట్టింది, గ్రంథం తరవాత వచ్చి చేరింది.

మధ్యయుగంలో ఇటలీలోని బొలోన్యా న్యాయశాస్త్రానికి పేరుపొందింది. అక్కడి ఆర్చ్‌డీకన్ అనే చర్చి అధికారి అనుమతి లేనిదే ఎవరికీ బోధనార్హత ఇవ్వరాదని పోప్ మూడో హొనోరియస్ 1219లో శాసించాడు. పరీక్షనాటి ఉదయం ప్రార్థన ముగిశాక అభ్యర్థికి న్యాయగ్రంథాల నుంచి రెండు భాగాలు చూపేవారు. తయారీకి దొరికేది ఆ కాస్త గడువే. ఆపైన పండితుల ముందు వాటిని వ్యాఖ్యానించి, ప్రశ్నలకు నిలబడాలి. నెగ్గాడో లేదో ఓట్లతో తేల్చేవారు. పరీక్షకుడు అభ్యర్థిని కన్నకొడుకులా చూడాలని అక్కడి నిబంధనల్లో రాసి ఉండేది. పరీక్షల చరిత్రలో ఇంత మంచి నియమం అరుదు. తరవాత కేథడ్రల్‌లో బహిరంగ సభ జరిగేది. అక్కడ విద్యార్థుల ఆక్షేపణలకు జవాబిచ్చాక అతనికి గ్రంథం, ఉంగరం, టోపీ దక్కేవి.

మన దేశంలో, మిథిలలోని తర్కశాస్త్ర పాఠశాలల్లో శలాక పరీక్ష ఉండేదని సంప్రదాయం చెబుతుంది. తాళపత్ర గ్రంథంలో పుల్ల గుచ్చితే అది ఏ ఆకు దగ్గర ఆగిందో అందులోని విషయాన్ని విద్యార్థి అప్పటికప్పుడు వివరించాలి. బొలోన్యా పద్ధతితో దీనికి చారిత్రక సంబంధం లేదు. కానీ చదివింది మనిషిలో ఇంకిందో లేదో మాటే చెబుతుందన్న నమ్మకం రెండు చోట్లా ఒకటే.

ఇటలీలోనే పాదువాలో 1678 జూన్ 25న ఎలెనా కోర్నారో పిస్కోపియా అరిస్టాటిల్ రచనల్లోని భాగాలను లాటిన్‌లో వివరించి, తత్త్వశాస్త్రంలో డాక్టరేట్ పొందిన తొలి మహిళ అయింది. ఆమె ముందు కోరింది వేదాంతశాస్త్రంలో పట్టా. స్త్రీకి అది తగదని బిషప్ అడ్డుపడ్డాడు. వినడానికి వచ్చిన జనం పట్టక పరీక్షను కేథడ్రల్‌కు మార్చాల్సి వచ్చింది.

17, 18 శతాబ్దాల్లో జర్మనీ, స్వీడన్‌లలో ఇప్పటివాళ్లకు వింతగా తోచే పద్ధతి ఉండేది. సభకు అధ్యక్షత వహించే ఆచార్యుడే చాలాసార్లు వ్యాసం రాసేవాడు, దాన్ని సమర్థించడం విద్యార్థి వంతు. వృక్షశాస్త్రజ్ఞుడు లిన్నేయస్ అధ్యక్షతన ఇలా 186 వ్యాసాలు వచ్చాయి, వాటిలో చాలావరకు ఆయన ఆలోచనలే. అంటే అప్పటి పరీక్ష రచనకు కాదు, వాదనా పటిమకు.

1810లో బెర్లిన్ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక స్వంత పరిశోధనకు పెద్దపీట పడింది. గ్రంథం ముందుకొచ్చి, మౌఖిక పరీక్ష దానికి తోడుగా నిలిచింది. ఆ నమూనా 1861లో అమెరికాలోని యేల్‌కు, 1917లో ఆక్స్‌ఫర్డ్‌కు చేరింది. అమెరికాలో చాలా విభాగాలు గ్రంథానికి ముందే విషయ పరిజ్ఞానంపై మరో అర్హత పరీక్ష పెడతాయి. నెదర్లాండ్స్‌లో వైవా నేటికీ బహిరంగ సభే. ప్రశ్నల గడువు ముగియగానే ఒక అధికారి దండంతో వచ్చి ‘హోరా ఎస్ట్’, అంటే వేళయింది, అని ప్రకటిస్తాడు. చెబుతున్న జవాబు అక్కడితో ఆపేయవచ్చు.

మన దేశంలో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) నిబంధనల ప్రకారం థీసిస్‌ను గైడ్‌తో పాటు కనీసం ఇద్దరు బయటి పరీక్షకులు చదవాలి. వాళ్లలో ఒకరైనా వైవాకు రావాలి. విభాగపు అధ్యాపకులకు, తోటి పరిశోధకులకు అందులో ప్రవేశం ఉంటుంది. 2022 నిబంధనలు ఆన్‌లైన్ వైవాకూ వీలిచ్చాయి. థీసిస్ సమర్పించే ముందు విభాగంలో ఇచ్చే సెమినార్ అభ్యర్థికి మంచి రిహార్సల్. అక్కడ తోటివాళ్లు అడిగిన చిక్కు ప్రశ్నలను రాసి పెట్టుకోవాలి. ఆపైన పరీక్షకుల నివేదికల్లోని ఒక్కొక్క అభ్యంతరానికీ థీసిస్‌లో పేజీ చూపి జవాబు చెప్పగలగాలి. పరిశోధన పరిధి ఎందుకు అక్కడే గీశారు, ఇందులో కొత్తగా తేల్చింది ఏమిటి అన్న రెండు ప్రశ్నలు దాదాపు ప్రతి వైవాలోనూ వస్తాయి.