వెట్టి దారిలో విహారం

మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిస్తే ఇండోనేషియాలోని ఫ్లోరెస్ దీవి ఈ కొస నుంచి ఆ కొసకు సుమారు 360 కిలోమీటర్లు. పడమట లబువాన్ బాజో రేవులో బండెక్కి, తూర్పున లరంతూకాలో దిగేసరికి మాత్రం మీటరు 700 దగ్గర ఉంటుంది. మిగతాదంతా మలుపుల లెక్క. పొడవునా అగ్నిపర్వతాలు నిండిన నేల కాబట్టి దారి తిన్నగా పోయే జాగా ఎక్కడా పెద్దగా దొరకదు. ఒక కొండ నడుం చుట్టి వెళ్తుంది, లోయలోకి దిగుతుంది, వాగు దాటుతుంది, మనం సర్దుకుని కూర్చునేలోగా ఇంకో కొండ ఎక్కుతుంది. ఘాట్ రోడ్డంటే కడుపులో తిప్పే బాపతు వాళ్లు నిమ్మకాయ వెంట ఉంచుకోవాల్సిందే.

దీన్నే ఇప్పుడు ‘ఫ్లోరెస్ ఓవర్‌ల్యాండ్’ అని అమ్ముతున్నారు. ఐదారు రోజుల ప్యాకేజీ. కారూ, డ్రైవరూ ఇస్తారు. చాలాసార్లు డ్రైవరే గైడు. మొదట పడవ మీద కొమొడో ఉడుములు, తర్వాత రుతెంగ్, బజావా, ఎండే, మోనీ, చివరికి మౌమెరెలో విమానం. కరపత్రాల్లో ఉడుములుంటాయి, రంగులు మారే సరస్సులుంటాయి, గడ్డి కప్పుల ఊళ్లుంటాయి. ఆ దారి ఎవరు వేశారో, ఎందుకు వేశారో ఉండదు. నా దృష్టిలో ఆ దీవిలో చూడాల్సిన మొదటి కట్టడం ఆ దారే.

అది లేని రోజుల్లో ఫ్లోరెస్ అనేది ఒక్క దీవి కాదు, పక్కపక్కనున్న ఆరేడు లోకాలు. పడమటి నుంచి వరసగా మంగరాయ్, న్గడ, నగే, ఎండే-లియో, సిక్కా, లమహొలొత్. కొండ దాటితే భాష మారుతుంది, ఇంటి కప్పు మారుతుంది, పెళ్లి పద్ధతి మారుతుంది. తీరంలోని రేవులకు బయటి ఓడలతో రాకపోకలున్నాయి గానీ, లోపలి లోయల జోలికి ఎవరూ పెద్దగా పోలేదు. కాగితం మీద దీవిని ఎప్పుడో సొంతం చేసుకున్న డచ్చివాళ్లు కూడా 1907 దాకా తీరం దాటి పెత్తనం చేసింది తక్కువ. ఆ ఏడాది కెప్టెన్ హాన్స్ క్రిస్టోఫెల్ తన దళంతో వచ్చాడు. స్విట్జర్లాండ్‌లో పుట్టి డచ్చి సైన్యంలో చేరిన మనిషి. అంతకు కొద్ది నెలల ముందే సుమత్రాలో బతక్ రాజు సింగమంగరాజను ఇతని దళమే చంపింది. ఫ్లోరెస్‌లోనూ అదే పద్ధతి: ఎదురు తిరిగిన ఊరిని కాల్చడం, తుపాకులు లాక్కోవడం, తల లెక్కన పన్ను వేయడం.

పన్ను వసూలు కావాలంటే అధికారి ఊళ్లోకి వెళ్లగలగాలి. దాంతో దారి అవసరమైంది. కూలి ఇచ్చి వేయించే ఉద్దేశం సర్కారుకు లేదు. ఏడాదిలో ఇన్ని రోజులని ఇంటికో మగవాడు వచ్చి పని చేయాలన్నారు. మన దగ్గర వెట్టి అన్నామే, సరిగ్గా అదే. తరువాతి రెండు దశాబ్దాల్లో పారలతో, గునపాలతో కొండల్ని చెక్కి, కొస నుంచి కొసకు దారి కలిపారు. శత్రు భయంతో గుట్టల మీద కట్టుకున్న ఊళ్లను చాలాచోట్ల కిందికి దించి దారి పక్కన కూర్చోబెట్టారు. లెక్క పెట్టడానికి తేలిక. ఈనాడు కారు అద్దంలోంచి ముచ్చటగా కనబడే రోడ్డువార పల్లెల్లో కొన్ని అలా దిగొచ్చినవే.

లబువాన్ బాజో నుంచి రుతెంగ్ 130 కిలోమీటర్లకు అటూఇటూ, నాలుగు గంటల ప్రయాణం. రుతెంగ్‌కు కొంచెం ముందు చంచార్ దగ్గర గుట్టెక్కితే కింద వరి మళ్లు గుండ్రంగా, నడిమధ్య నుంచి బయటికి చీలికలుగా కనిపిస్తాయి. ఫొటోల కోసం దీనికి సాలెగూటి పొలాలని పేరు పెట్టారు. నిజానికి అది భూపంపకం పటం. మంగరాయ్‌లు ఉమ్మడి భూమిని ‘లింగ్కో’ అంటారు. మధ్యలో ఒక కర్ర పాతి, అక్కడి నుంచి ఎవరి వాటా వాళ్లకు ముక్కోణంగా కోస్తారు. కేంద్రం దగ్గర వాటా వెడల్పును వేళ్లతో కొలుస్తారు. ఇక్కడ ఒక వేలు ఎక్కువైతే బయటి అంచుకు చేరేసరికి అది మళ్లకు మళ్లే అవుతుంది. పెద్ద ఇంటివాడికి ఎన్ని వేళ్లు, చిన్నవాడికి ఎన్ని అన్నది ఊరి పెద్దల చేతిలో పని. సర్వే రాళ్లు పెట్టినా గట్టు తగాదాలు తెగని మనకు ఈ పద్ధతి కాసేపు నిలబడి చూడదగ్గది.

రుతెంగ్ నుంచి 14 కిలోమీటర్ల దూరంలో లియాంగ్ బువా గుహ. చాలా ప్యాకేజీల్లో ఇది ‘సమయముంటే’ అనే పద్దులో ఉంటుంది, అదేం లెక్కో! లోపల పెళ్లి పందిరి వేయొచ్చు, అంత విశాలం. 1950 ప్రాంతంలో ఇందులో ప్రాథమిక పాఠశాల నడిచింది. తియోడోర్ ఫెర్‌హూవెన్ అనే డచ్చి ఫాదరీ ఆ రోజుల్లోనే ఇక్కడ తవ్వడం మొదలుపెట్టాడు. వృత్తికి మతలొకో సెమినరీలో అయ్యవారు, ప్రవృత్తికి పురావస్తువుల పిచ్చి. బజావా దగ్గరి సోవా లోయలో ‘స్టెగొడాన్’ అనే అంతరించిన ఏనుగు జాతి ఎముకలతో పాటు రాతి పనిముట్లు దొరికాయని, అవి ఏడు లక్షల ఏళ్లకు పైబడినవని ఆయన రాస్తే పండితులు పట్టించుకోలేదు. ఫాదరీకి పురావస్తు శాస్త్రం ఏం తెలుసన్నారు.

2003 సెప్టెంబరులో ఇండోనేషియా, ఆస్ట్రేలియా శాస్త్రవేత్తల బృందం అదే గుహలో దాదాపు ఆరు మీటర్ల లోతుకు తవ్వింది. పార పట్టింది అనుభవం గల స్థానిక పనివాళ్లు. చిన్న పుర్రె ఒకటి బయటపడింది. ఎముక రాయిగా మారలేదు, తడిసి మెత్తబడి ఉంది. వేలు తగిలితే చితికిపోయేలా ఉంది. గోళ్ల రంగూ జిగురూ పూసి గట్టిపరిచి, మట్టి పెళ్లలతో సహా ఎత్తారు. మొదట పసిపిల్ల అనుకున్నారు. అరిగిన పళ్లు చూస్తే పెద్దమనిషి! ఎత్తు మూడున్నర అడుగులు. మెదడు పరిమాణం సుమారు 400 ఘన సెంటీమీటర్లు, మనలో మూడో వంతు కూడా లేదు. 2004 అక్టోబరులో ‘నేచర్’ పత్రికలో ‘హోమో ఫ్లోరెసియెన్సిస్’ పేరుతో కొత్త మానవ జాతిగా ప్రకటించారు. పత్రికల్లో ‘హాబిట్’ అనే ముద్దు పేరు పాకిపోయింది.

ఆ తర్వాతి తగువు తవ్వకం కంటే రంజుగా ఉంటుంది. ఇండోనేషియా మానవశాస్త్రంలో పెద్ద తలకాయ అయిన తెవుకు జాకబ్, ఇది కొత్త జాతీ కాదు గీతీ కాదు, మెదడు ఎదగని రోగి ఎముకలన్నారు. ఆ ఏడాది చివర్లో ఎముకల్ని యోగ్యకర్తలోని తన ప్రయోగశాలకు తెప్పించుకున్నారు. తిరిగి చేతికొచ్చేసరికి విరిగి ఉన్నాయని తవ్వకం బృందం గోల పెట్టింది, నా దగ్గర విరగలేదని ఆయన అన్నారు. మొదట 18,000 ఏళ్ల నాటివనుకున్న ఎముకలు 2016 నాటి కొత్త లెక్కల్లో 60,000 నుంచి లక్ష ఏళ్ల వెనక్కి జరిగాయి. అదే ఏడాది సోవా లోయలోని మతా మెంగెలో అంతకంటే చిన్న దవడ ముక్క, పళ్లు దొరికినట్లు ప్రకటించారు. వయసు ఏడు లక్షల ఏళ్లు. ఫాదరీ చెప్పిన అంకె తప్పు కాదు. మంచుయుగంలో సముద్రం ఎంత తగ్గినా ఈ దీవి ఆసియా నేలతో కలవలేదు. ఎవరో ఎప్పుడో నీటి మీద కొట్టుకొచ్చి చిక్కుబడి, తరతరాలకు పొట్టిబారి ఉంటారని ఎక్కువమంది నమ్మకం. పక్కనే మేసిన ఏనుగులు కూడా అలాగే చిన్నబడ్డాయి. ఎలుకలు మాత్రం పెద్దవయ్యాయి, ఇప్పటికీ ఉన్నాయి.

బజావా దగ్గర ఇనెరీ అగ్నిపర్వతం పాదాన బేనా ఊరు. రెండు వరసల ఇళ్లు, నడుమ నిలువు రాళ్లు. ప్రతి వంశానికీ ఒక గొడుగు స్తంభం మగ పూర్వీకుడికి, ఒక బొమ్మరిల్లంత గుడిసె ఆడ పూర్వీకురాలికి. ఆస్తి ఆడవాళ్ల వరసలో పోతుంది కాబట్టి ఆ గుడిసెను అలంకారమనుకుంటే పొరపాటు. అక్కడి నుంచి దక్షిణ తీరానికి దిగితే సముద్రం ఒడ్డున నీలి, ఆకుపచ్చ గులకరాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు సైజుల వారీగా ఏరి కుప్పలు పోసి అమ్ముతుంటారు, ఇళ్ల గోడలకూ తోటలకూ పోతాయి.

ఆ తీరమే ఎండేకు తీసుకుపోతుంది. ప్యాకేజీవాళ్లు ఇక్కడ భోజనానికి ఆపి, తర్వాత దేశానికి తొలి అధ్యక్షుడైన సుకర్ణో ఇల్లు అరగంటలో చూపించి తోలేస్తారు. నాకైతే ఈ దారంతటికీ ఎండే ముఖ్యం. 1934 జనవరిలో డచ్చివాళ్లు సుకర్ణోను ఇక్కడికి ప్రవాసం పంపారు. వెంట భార్య ఇంగ్గిత్, అత్తగారు అమ్సి, పెంచుకున్న కూతురు. జనం లేని మూల, చదువుకున్నవాళ్లు తక్కువ, పత్రికలు రావు. ఉపన్యాసాలతో బాందుంగ్‌ను ఊపిన మనిషి నోరు మూయించడానికి ఇంతకంటే మంచి చోటు లేదనుకున్నారు.

మొదట్లో పోలీసుల భయంతో చదువుకున్నవాళ్లు దగ్గరికి రాలేదు. జాలర్లు, దర్జీలు, డ్రైవర్లు స్నేహితులయ్యారు. సుకర్ణో నాటకం కంపెనీ పెట్టాడు. పేరు కెలిముతు. రాసేదీ, వేషాలు నేర్పేదీ, తెరలకు రంగు వేసేదీ ఆయనే. ఒక నాటకం పేరు ‘దొక్తర్ సెతాన్’. శవానికి ప్రాణం పోసే డాక్టరు కథ, ఫ్రాంకెన్‌స్టైన్ నుంచి తెచ్చుకున్నది. ఆ శవం ఏ దేశమో చూసేవాళ్లకు అర్థమయ్యేది. సెన్సారు చేసే దొరకు పట్టుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ప్రదర్శనలు కేథలిక్ మిషన్ హాల్లో. పుస్తకాలు ఆ మిషన్ గ్రంథాలయంలోవి. ఫాదర్ హుయ్‌టింక్‌తో గంటల తరబడి వాదాలు. ఇటు బాందుంగ్‌లోని ఇస్లామిక్ పండితుడు ఎ. హసన్‌కు ఉత్తరాలు. సీమపనస చెట్టు కింద కూర్చుని ఆలోచించేవాడినని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. 1935లో అత్తగారు పోయింది, ఇక్కడే సమాధి. ఆయన్నీ మలేరియా పట్టుకుంది. 1938 అక్టోబరులో సుమత్రాలోని బెంకులుకు మార్చారు. అక్కడే ఫాత్మావతి పరిచయమైంది, ప్రవాసంలో వెన్నంటి ఉన్న ఇంగ్గిత్‌కు విడాకులయ్యాయి. చరిత్ర పుస్తకాలు ఈ వాక్యాన్ని గబగబా దాటేస్తాయి.

1945 జూన్ 1న స్వతంత్ర దేశానికి ఐదు పునాదులంటూ సుకర్ణో ‘పంచశీల’ ప్రతిపాదించాడు. ఇండోనేషియాలో ‘పంచసిల’ అంటారు. జూన్ 1 అక్కడ జాతీయ సెలవు. సీమపనస చెట్టుకు ఐదు కొమ్మలుండేవనీ, ఆ ఐదూ వీటికి గుర్తనీ ఎండేలో చెబుతారు. ఇది మరీ కుదిరినట్టుంది, నాకు నమ్మకం తక్కువ. అసలు చెట్టు 1960లో పోయింది, ఇప్పుడున్నది 1981లో నాటింది. కానీ ముస్లిం తీరం, కేథలిక్ మిషన్, పూర్వీకుల రాళ్లకు మొక్కే కొండ పల్లెలు మూడూ ఒక్కచోట నాలుగేళ్లు చూసినవాడు, దేశానికి ఒకే మతం పునాది కాదని వాదించడంలో ఆశ్చర్యం లేదు.

ఎండే నుంచి 50 కిలోమీటర్లు పైకి పోతే మోనీ. తెల్లవారుజామున 1,639 మీటర్ల కెలిముతు ఎక్కుతారు. మూడు బిలాలు, మూడు సరస్సులు, ఒక్కోటి ఒక్కో రంగు. కింది నుంచి వచ్చే వాయువుల తీరును బట్టి నీటిలోని ఇనుము వగైరా మారి రంగు మారుతుంది. ముసలివాళ్ల ఆత్మలు ఒకదాంట్లోకి, పడుచువాళ్లవి ఇంకోదాంట్లోకి, చెడ్డవాళ్లవి మూడోదాంట్లోకి పోతాయని లియోల నమ్మకం. 1992 నాటి 5,000 రుపయ్యల నోటు మీద ఈ సరస్సుల బొమ్మే ఉండేది.

కొండ దిగాక లియో పల్లెల్లో మగ్గాలు. నూలుకు ముడులేసి రంగులో ముంచి ఆ తర్వాత నేయడం పోచంపల్లి తెలిసినవాళ్లకు కొత్త కాదు. మగవాళ్లు భుజాన వేసుకునే పండుగ కండువాలో పువ్వుల వరస చూస్తే గుజరాత్ పటోలా గుర్తొస్తుంది. గుర్తు రావాల్సిందే. శతాబ్దాల పాటు ఓడల మీద వచ్చిన పటోలాలు ఈ దీవుల పెద్ద ఇళ్లలో ఆస్తిగా దాచుకున్నవి, ఇక్కడి నేతగాళ్లు వాటిని చూసి తమ నూలులోకి దించుకున్నారు. ఇంకా తూర్పుకు వెళ్తే పెళ్లికొడుకు వైపువాళ్లు కన్యాశుల్కంగా ఏనుగు దంతాలు ఇస్తారు. దీవిలో ఏనుగులు లేవు. స్టెగొడాన్లు పోయి యాభై వేల ఏళ్లవుతోంది. అవన్నీ సముద్ర వ్యాపారం తెచ్చిన దంతాలు, ఇంటి నుంచి ఇంటికి తిరుగుతూ ఉంటాయి.

మౌమెరె 1992 డిసెంబరు 12న భూకంపానికీ సునామీకీ కూలి మళ్లీ కట్టుకున్న ఊరు. దీవి మొత్తమ్మీద రెండు వేల మందికి పైగా చనిపోయారు. టూరు సాధారణంగా ఇక్కడితో సరి. మిగిలిన 130 కిలోమీటర్లలో ఏముందన్నట్టు.

లరంతూకా ఉంది. 16వ శతాబ్దంలో ఎదురుగా ఉన్న సోలోర్ దీవిలో పోర్చుగీసు ఫాదరీలు కోట కట్టారు, వాళ్ల సంతతీ వాళ్లు మతం ఇచ్చినవాళ్లూ ఇక్కడ చేరారు. ఫాదరీలు లేని కాలంలో కూడా గృహస్థుల సంఘమొకటి ప్రార్థనల్ని పాత పోర్చుగీసులోనే నిలబెట్టింది. ఇంత భక్తి ఉన్న రేవును పోర్చుగల్ అమ్మేసింది. 1851లో పోర్చుగీసు గవర్నర్ లోపెస్ ద లిమా డబ్బు ఇబ్బందిలో ఉండి, లిస్బన్‌ను అడక్కుండానే డచ్చివాళ్లతో 2,00,000 ఫ్లోరిన్లకు బేరం కుదుర్చుకున్నాడు. ఉద్యోగం ఊడింది, స్వదేశానికి చేరేలోపే బతావియాలో (నేటి జకార్తా) పోయాడు. అయినా 1859 ఒప్పందంలో బేరం బేరంగానే ఉండిపోయింది. గుడ్ ఫ్రైడే నాడు మరియమ్మ విగ్రహాన్ని ఊరేగించే ఆచారం మాత్రం ఎవరి చేతా అమ్ముడుపోలేదు.

ఈ చివరి ముక్కలో దారి లెవొతోబి జంట పర్వతాల పక్కనుంచి పోతుంది. ఒకటి మగది, ఒకటి ఆడది అంటారు. మగ పర్వతం 2024 నవంబరు 3 అర్ధరాత్రి వేళ పేలి కాలుతున్న రాళ్లను చెక్క ఇళ్ల మీదికి విసిరింది. తొమ్మిది మంది చనిపోయారు, వేలమంది ఊళ్లు వదిలారు. 2025 జూన్‌లో ఢిల్లీ నుంచి బాలికి బయలుదేరిన ఎయిరిండియా విమానం దారి మధ్యలో వెనక్కి తిరిగొచ్చింది ఈ పర్వతం కక్కిన బూడిద వల్లే. ఈస్టర్ వారంలో లరంతూకాలో గది దొరకడం కష్టం కాబట్టి ముందే మాట్లాడుకోవాలి. బయలుదేరే ఉదయం మాత్రం హోటలువాణ్ని కాదు, లెవొతోబి ఏ హెచ్చరిక స్థాయిలో ఉందో అడగాలి.