తెరకూ చాపకూ మధ్య: ఉత్తర తెలంగాణ ఇళ్లలో టీవీ కొలతల కథ

టీవీ సైజును తెర ఒక మూల నుంచి ఎదుటి మూలకు ఐమూలగా కొలిచి ఇంచుల్లో చెబుతారు. ఎంత దూరంలో కూర్చోవాలో తేల్చేవి మాత్రం తెర ఎత్తు, ఆ ఎత్తులో పరుచుకున్న గీతల సంఖ్య. మామూలు చూపున్న కన్ను డిగ్రీలో అరవయ్యో వంతు వరకే రెండు గీతలను విడివిడిగా పోల్చుకోగలదు. అంతకన్నా దగ్గరగా ఉన్నవి ఒకటిగా కలిసిపోతాయి. పాత దూరదర్శన్ ప్రసారంలో బొమ్మకు 625 గీతలు, వాటిలో తెరమీద కనిపించేవి సుమారు 575. అవి కలిసి నిండు బొమ్మగా కనబడాలంటే తెర ఎత్తుకు ఆరు రెట్ల దూరం కావాలి. 1080 గీతల హెచ్‌డీ బొమ్మకు మూడు రెట్లు, 2160 గీతల 4కే బొమ్మకు ఒకటిన్నర రెట్లు చాలు.

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఈ లెక్క చూసుకొని టీవీ కొనడం ఇటీవలి సంగతి. అంతకుముందు తెర కొలతను చూసే జనం, బజారులో దొరికే సరుకు, ఇంటి కట్టుబడి, ఒక దశలో విమానం సామాను కూడా నిర్ణయించాయి. కూర్చునే దూరం వాటి వెనకే నడిచింది.

టీవీకీ సినిమాకూ ముందే ఈ ప్రాంతానికి తెర తెలుసు. ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని చేర్యాలలో నకాషీ కళాకారులు ఖద్దరు బట్టకు సుద్దమట్టి, బియ్యపు గంజి, చింతగింజల అంబలి, జిగురు పట్టించి పటాలు గీసేవారు. పద్మశాలీలకు కూనపులి వారు, గొల్లలకు మందహెచ్చుల వారు, ముదిరాజులకు కాకిపడగల వారు ఆ పటాన్ని ఊరి నడుమ విప్పి కులపురాణం చెప్పేవారు. పటం వెడల్పు దాదాపు మూడడుగులు, పొడవు పదుల అడుగులు. కథకుడు ఒక్కో అర విప్పుతూ, కట్టెతో బొమ్మను చూపుతూ రాత్రంతా కథ నడిపేవాడు. నేల ఎర్రగా, బొమ్మల అంచులు లావుగా, కళ్లు పెద్దవిగా, దేవతల మేనిరంగులు ముదురుగా ఉండడం అలంకారానికి మాత్రమే ఏర్పడిన పద్ధతి కాదు. దీపాల వెలుతురులో, చివరి వరసలో నులక మంచం మీద కూర్చున్న ముసలివారికి కూడా ఎవరు ఎవరో తెలియాలి. తెర చిన్నది, జనం ఎక్కువ. ఆ ఇబ్బందిని నకాషీలు గీత మందంతో, రంగు తేటదనంతో తీర్చారు.

టూరింగ్ టాకీసులు, ఆ తర్వాత పట్టణాల్లో కట్టిన పక్కా హాళ్లు దూరానికి వెల కట్టాయి. తెర ముందర నేల, దాని వెనక బెంచీ, ఆపైన కుర్చీ, అన్నిటికన్నా దూరంగా బాల్కనీ. నేల టికెట్టు వారు మెడ పైకెత్తి చూడాలి. బాల్కనీ వారికి బొమ్మ మొత్తం ఒక్క చూపులో అందుతుంది. దూరంగా కూర్చోవడం మర్యాద, దగ్గర కూర్చోవడం చౌక అన్న అలవాటు ఇక్కడ నాటుకుంది. తర్వాత ఇళ్లలో టీవీ ముందు పిల్లలు నేల మీద, పెద్దలు వెనక కుర్చీల్లో కూర్చున్న తీరులో ఆ వరసే కొనసాగింది.

తెలుగు పల్లెలకు టీవీ మొదట ప్రయోగంగా వచ్చింది. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 వరకు ఏటీఎస్-6 అనే అమెరికా ఉపగ్రహం సాయంతో నడిచిన సైట్ కార్యక్రమంలో ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు సామూహిక టీవీలు ఇచ్చారు. ఆ సెట్లను హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ తయారు చేసింది. ఒక ఊరికి ఒక పెట్టె, దాని ముందు ఊరంతా. ఇంటి గదిలో నలుగురి కోసం పుట్టిన తెరను వందమంది చూడవలసి వచ్చింది. 1977 అక్టోబరులో హైదరాబాద్ దూరదర్శన్ ప్రసారాలు మొదలయ్యాయి. అయితే హైదరాబాద్‌కు కరీంనగర్ 160 కిలోమీటర్ల పైచిలుకు, ఆదిలాబాద్ 300 కిలోమీటర్ల దూరం. నేల మీది ట్రాన్స్‌మిటర్ తరంగాలు అంత దూరం నిలకడగా అందవు.

1983 ఆగస్టులో ఇన్సాట్-1బి ఉపగ్రహం ఎగిరాక, 1984 నుంచి దేశమంతటా పట్టణాల్లో తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వరసగా వెలిశాయి. ఢిల్లీ నుంచి ఉపగ్రహం మీదుగా వచ్చే జాతీయ కార్యక్రమాన్ని అందుకొని చుట్టూ పాతిక కిలోమీటర్ల లోపు తిరిగి పంపడం వాటి పని. ఆ వలయం అంచున ఉన్న ఊళ్లలో మిద్దె మీద ఇనుప పైపు పాతి, అల్యూమినియం కడ్డీల యాంటెన్నా కట్టి, బూస్టర్ బిగించేవారు. గాలికి యాంటెన్నా మళ్లితే ఒకరు పైకెక్కి తిప్పుతూ "వచ్చిందా?" అని అడగాలి, లోపల ఉన్నవారు "ఇంకింత తిప్పు" అని అరవాలి. సిగ్నల్ సన్నగిల్లితే బొమ్మ నిండా తెల్లని చుక్కలు రాలేవి. అప్పుడు ఒక గజం వెనక్కి జరిగితే చుక్కలు కలిసిపోయి మొహాలు తేటపడేవి. లెక్క తెలియకున్నా దూరం చేసే మేలు ఆ ఇళ్లకు అనుభవంలో తెలుసు.

అప్పట్లో కొనేవారికి సైజు ఎంపిక పెద్దగా లేదు. 20 ఇంచుల నలుపు తెలుపు సెట్టు, లేదా 14 ఇంచుల చిన్నది. ఈసీ టీవీ, డయనోరా, సాలిడేర్, క్రౌన్ వంటివి చెక్క పెట్టెల్లో వచ్చేవి. కొన్నిటికి పక్కలకు జరిగే షట్టర్, దానికి తాళం కూడా ఉండేవి. 20 ఇంచుల పాత తెర ఎత్తు సరిగ్గా 12 ఇంచులు, అంటే ఒక అడుగు. ఆరు రెట్ల లెక్కన ఆరడుగుల దూరం. పెంకుటింటి అర్రలో గోడ పక్కన బల్ల మీద టీవీ పెట్టి, ఎదుటి గోడకు మంచం వేస్తే దాదాపు అంతే దూరం వచ్చేది. ఒక్క కుటుంబం చూసేటప్పుడు ఆ పెట్టె ఆ అర్రకు చక్కగా సరిపోయింది.

ఒక్క కుటుంబమే చూసిన రోజులు తక్కువ. 1987 జనవరి 25 నుంచి 1988 జులై 31 వరకు రామాయణం, 1988 అక్టోబర్ 2 నుంచి 1990 జూన్ 24 వరకు మహాభారతం ఆదివారం పొద్దున వచ్చేవి. వాడకట్టంతా టీవీ ఉన్న ఇంటికి చేరేది. అర్ర చాలక పెట్టెను గడప దగ్గరికి తెచ్చి వాకిలి వైపు తిప్పేవారు. ముప్పై అడుగుల అవతల అరుగు మీద కూర్చున్నవారికి ఆ అడుగు ఎత్తు తెర ఎంత కనబడేదో తెలియాలంటే చేయి చాచి బొటనవేలు చూసుకోవాలి. ఆ వేలి వెడల్పు ఎంతో తెర ఎత్తు అంతే. ఆ కొలతలో యుద్ధాలు చూశారు, హారతులు పట్టారు. తెలియని హిందీ మాటలను తెలిసిన కథ పూరించింది, కనబడని మొహాలను పటం కథలు, సినిమాలు నేర్పిన వేషాలు పూరించాయి. దూరం చేసిన నష్టాన్ని జ్ఞాపకం తీర్చడం ఆ కాలపు టీవీ చూపులో గొప్ప సంగతి.

తెరను పెద్దది చేయాలన్న కోరిక బజారులో రెండు చవక సరుకులు తెచ్చింది. ఒకటి తెర ముందు తగిలించే భూతద్దం లాంటి ప్లాస్టిక్ పలక, రెండోది పైన నీలం, నడుమ నారింజ, కింద ఆకుపచ్చ పూసిన రంగుల షీటు. మొదటిది బొమ్మను పెంచేది కానీ పక్కల కూర్చున్నవారికి వంకర చేసేది. రెండోది ఏ బొమ్మకైనా ఆకాశం, నేల అంటగట్టేది.

దగ్గర కూర్చుంటే కళ్లు పోతాయన్న మందలింపు కూడా అప్పటిదే. దాని వెనక ఒక నిజ సంఘటన ఉంది. 1967లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ కలర్ టీవీల్లో కొన్నిటి నుంచి మోతాదు మించి ఎక్స్ కిరణాలు వెలువడుతున్నట్టు తేలి, వాటిని సరిచేయవలసి వచ్చింది. ఆ లోపం తీరిపోయినా భయం దేశదేశాలకు పాకి నిలిచిపోయింది. టీవీకి దగ్గర కూర్చోవడం కళ్లను అలసటకు గురిచేస్తుంది తప్ప చూపును పోగొట్టదు. పిల్లవాడు పదేపదే తెర దగ్గరికి జరుగుతుంటే దూరపు చూపు ఆనడం లేదేమో పరీక్ష చేయించడం తల్లిదండ్రులు తప్పక చేయవలసిన పని.

1982 ఢిల్లీ ఆసియా క్రీడల ఏడాది దేశానికి రంగుల ప్రసారం వచ్చింది. నెలనెలా జీతం వచ్చే గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి సింగరేణి క్వార్టర్లలో, రామగుండం ఎన్టీపీసీ టౌన్‌షిప్‌లో కలర్ టీవీ వాయిదాల మీద ఇంటికి చేరే వస్తువైంది. 1995లో జెమినీ, ఈటీవీ మొదలై కేబుల్ తీగ వాడవాడకూ పాకింది. 21 ఇంచుల కలర్ టీవీ ఇంటి కట్టుబడినే మార్చింది. కొత్త స్లాబు ఇళ్ల హాల్లో మేస్త్రీలు సిమెంటుతో షోకేసు కట్టి, నడుమ ఆ పెట్టె పట్టేంత అర వదిలేవారు. పక్క అరల్లో మెమెంటోలు, గాజు బొమ్మలు, పెళ్లి ఫోటో. టీవీ కోసం వదిలిన ఆ అరే తర్వాత ఇరవై ఏళ్లు ఆ ఇంటి టీవీ సైజును శాసించింది.

జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్ ప్రాంతాల నుంచి గల్ఫ్‌కు వలస వెళ్లినవారు ఆ అరను దాటించారు. సెలవు మీద వచ్చేటప్పుడు టేప్‌రికార్డర్, వీసీఆర్ తెచ్చినట్టే, పలచని టీవీలు వచ్చాక వాటినీ సామానుతో పాటు తెచ్చేవారు. 32 ఇంచులా, 40 ఇంచులా అన్నది ఇంట్లో హాలు పొడవు చూసి తేల్చింది కాదు. విమానంలో తీసుకునే బరువు, పెట్టె కొలత, కూడబెట్టిన దిర్హాములు, రియాళ్లు తేల్చాయి. 2013 ఆగస్టు 26 నుంచి ప్రయాణికులు తెచ్చే పలచని టీవీలకు సుంకం మినహాయింపు ఎత్తేసి 36.05 శాతం పన్ను వేయడంతో ఆ దారి సన్నబడింది. ఏళ్ల తరబడి ఎడారిలో పనిచేసిన మనిషి మోసుకొచ్చిన తెర ఇంట్లో ఎక్కడ అమరినా, దాని విలువ ఇంచుల్లో కొలిచేది కాదు.

పలచని తెర రెండు కొలతలను తారుమారు చేసింది. మొదటిది ఎత్తు. పాత తెర నాలుగు పాళ్ల వెడల్పుకు మూడు పాళ్ల ఎత్తు, కొత్తది పదహారుకు తొమ్మిది. అందుకే 21 ఇంచుల పాత టీవీ ఎత్తు 12.6 ఇంచులైతే, 24 ఇంచుల కొత్త టీవీ ఎత్తు 11.8 ఇంచులే. సంఖ్య పెరిగినా మొహాలు చిన్నవయ్యాయి. 32 ఇంచులకు వెళితే గానీ ఎత్తు 15.7 ఇంచులకు పెరగలేదు. రెండోది దూరం. పాత డబ్బా వెనక్కి అడుగున్నర దాకా పొడుచుకొచ్చి గదిలోకి ముందుకు జరిగేది. పలచని తెర గోడకు అతుక్కుంది. మంచం కదలకుండానే, అదే గదిలో, దూరం అడుగున్నర పెరిగింది. కొత్త టీవీ కొన్నాక అది చిన్నగా ఉందనిపించడానికి ఈ రెండూ కారణాలు.

ఇప్పుడు 43 ఇంచుల టీవీ ఎత్తు 21 ఇంచులు, 55 ఇంచులది 27 ఇంచులు. అన్నిటికన్నా ముందు చూడవలసింది వచ్చే ప్రసారం. సెట్‌టాప్ బాక్సులో మామూలు చానెళ్లే వస్తుంటే బొమ్మలో గీతలు పాత దూరదర్శన్ నాటివే, కాబట్టి పాత ఆరు రెట్ల లెక్కే వర్తిస్తుంది. 43 ఇంచులకు పదిన్నర అడుగులు, 55 ఇంచులకు పదమూడున్నర అడుగులు. పదడుగుల హాల్లో 55 ఇంచుల టీవీ పెట్టి మామూలు చానెల్ చూస్తే బొమ్మ పిండిపిండిగా కనిపించేది ఇందుకే. తప్పు టీవీది కాదు. హెచ్‌డీ చానెళ్లయితే మూడు రెట్లు, అంటే 43 ఇంచులకు ఐదడుగుల పైచిలుకు, 55 ఇంచులకు ఆరడుగుల తొమ్మిది ఇంచులు. ఫోన్ నెట్ ద్వారా 4కే బొమ్మ చూసేవారు 55 ఇంచుల తెరకు మూడడుగుల పైచిలుకు దూరంలో కూర్చున్నా గీతలు కనబడవు. కానీ అంత దగ్గర మెడ తిప్పకుండా తెర మొత్తం చూడడం కష్టం, ఇద్దరికి మించి కూర్చోలేరు.

దూరం కుదిరాక ఎత్తు మిగులుతుంది. ఉత్తర తెలంగాణ ఇళ్లలో సోఫా ఉన్నా చాప మీద కూర్చొని చూడడం పోలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్లు చేట ఒడిలో పెట్టుకొని నేల మీదనే కూర్చుంటారు. నేల మీద కూర్చున్న మనిషి కన్ను సుమారు రెండున్నర అడుగుల ఎత్తులో, కుర్చీలో కూర్చున్నవారి కన్ను నాలుగడుగులకు కొంచెం తక్కువలో ఉంటుంది. షోకేసు అలవాటుతో టీవీని దర్వాజ ఎత్తున బిగిస్తే ఇద్దరి మెడలూ నొస్తాయి. తెర నడిమి భాగం నేల నుంచి మూడు, మూడున్నర అడుగుల మధ్య ఉంటే చాప వారికీ కుర్చీ వారికీ సర్దుబాటవుతుంది. గోడకు మేకు కొట్టే ముందు టేపుతో చూసుకోవలసినవి మూడు: మంచం నుంచి గోడ దాకా దూరం, తెర ఎత్తు, చాప మీద కూర్చున్నవారి కంటి ఎత్తు.