దుంప తొలిచే పురుగు: పుట్టుక, వలస, సహజ శత్రువులు

పాతబస్తీలోని మీర్ ఆలం మండీలో, మాదన్నపేట మండీలో ఏడాది పొడుగునా కుప్పలు పోసి అమ్మే ఆలుగడ్డకు దక్షిణ అమెరికాలోని ఆండీస్ పర్వతశ్రేణి జన్మస్థానం కాగా, ఆ గడ్డను లోపలి నుంచి తొలిచి తినే ఒక చిన్న రెక్కల పురుగుకు కూడా ఆ ఖండమే పుట్టినిల్లు. శాస్త్రజ్ఞులు ఫ్తోరిమియా ఆపర్కులెల్లా అని పిలిచే ఈ కీటకాన్ని తెలుగులో దుంప తొలిచే పురుగు అంటారు. పంట సముద్రాలు దాటినప్పుడు పురుగు కూడా దాని వెంటే దాటింది. కానీ పుట్టినచోట దాన్ని అదుపులో ఉంచిన శత్రుకీటకాలు అక్కడే ఉండిపోయాయి. ఈ పురుగు ఇంత నష్టం ఎందుకు చేయగలిగిందో, దాన్ని అరికట్టే ప్రయత్నాలు ఏ దారిన సాగాయో తెలుసుకోవడానికి ఈ విషయమే మూలం.

పంటకు చేటు చేసే పురుగుగా దీని ప్రస్తావన 1850ల్లోనే టాస్మానియా ద్వీపంలో కనిపిస్తుంది. 1873లో జర్మన్ కీటకశాస్త్రజ్ఞుడు ఫిలిప్ జెల్లర్ టెక్సాస్‌లో దొరికిన నమూనాలను పరిశీలించి, దీనికి శాస్త్రీయనామం పెట్టాడు. ఆలుగడ్డను విత్తనాలతో గాక గడ్డలతోనే నాటుతారు కాబట్టి, ఓడల్లో దేశాలు దాటిన విత్తనపు గడ్డలే ఈ పురుగుకు వాహనాలయ్యాయి. భారతదేశంలోకి ఇది 1906లో, ఇటలీ నుంచి బొంబాయి ప్రాంతానికి దిగుమతైన విత్తనపు గడ్డలతో వచ్చింది. విదేశీ పురుగులు, తెగుళ్లు దేశంలోకి రాకుండా అడ్డుకునే చట్టం 1914లో గానీ రాలేదు. అప్పటికే ఇది దక్కనులో కాలూనింది. వేడిగా, పొడిగా ఉండే పీఠభూమి వాతావరణం దీనికి బాగా అనుకూలించింది. నేడు తెలంగాణలో ఆలుగడ్డ ప్రధానంగా పండే జహీరాబాద్ ప్రాంతం కూడా ఈ పీఠభూమిలోనిదే.

తల్లి పురుగు బూడిద, గోధుమ వన్నెలు కలిసిన సన్నని కీటకం. రెక్కలు విప్పితే ఒక సెంటీమీటరున్నర మించదు. పగలంతా ఆకుల కింద, మట్టిపెళ్లల సందుల్లో, గోనెసంచుల మడతల్లో దాగి, చీకటి పడ్డాక ఎగురుతుంది. ఒక ఆడ పురుగు తన కొద్దిరోజుల జీవితంలో వంద నుంచి రెండువందల దాకా గుడ్లు పెడుతుంది. అరమిల్లీమీటరు పొడవుండే ఆ ముత్యపు వన్నె గుడ్లను పొలంలో ఆకుల అడుగుభాగాన, నిల్వలో గడ్డ కళ్ల దగ్గర, అంటే మొలకలు వచ్చే గుంటల దగ్గర పెడుతుంది. గుడ్డులోంచి వచ్చిన లద్దె పురుగు ఆకు రెండు పొరల మధ్య చొరబడి పచ్చదనాన్ని తినివేయడంతో అక్కడ ఆకు పలుచబడి పొక్కులా తేలుతుంది. గడ్డ దొరికితే కంటి గుండా లోపలికి దూరి, వంకరటింకర సొరంగాలు తవ్వుతుంది. పైకి గడ్డ బాగానే కనిపించినా, కళ్ల దగ్గర పేరుకున్న నల్లని మల రేణువులు లోపల పురుగున్న సంగతిని తెలియజేస్తాయి. ఆ గడ్డను కోస్తే సొరంగాల వెంట నల్లబడిన కండ, దాన్ని ఆశ్రయించిన కుళ్లు బయటపడతాయి. బాగా ఎదిగిన లద్దె పురుగు గడ్డను వదిలి, పట్టుదారాలకు మట్టిని, చెత్తను అంటించుకొని గూడు కట్టుకుంటుంది. ఆ గూటిలో ప్యూపాగా మారి, కొద్దిరోజులకు రెక్కల పురుగై వెలువడుతుంది. ఎండాకాలంలో ఈ చక్రమంతా నాలుగు వారాల్లోపే ముగుస్తుంది కనుక ఒకే ఏడాదిలో తరం మీద తరం పెరుగుతూ పోతుంది.

శీతాకాలపు పంటను తవ్వి తీసే వేళకు దక్కనులో ఎండలు ముదరడం మొదలవుతుంది. ఆ వేడిలో మామూలు కొట్టాల్లో పోసిన గడ్డలు పురుగుకు తరగని ఆహారంగా, ఎదురులేని ఆవాసంగా మారతాయి. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీల కంటే తగ్గితే దీని ఎదుగుదల ఆగిపోతుంది కాబట్టి శీతల గిడ్డంగులు ఈ బెడదను చాలావరకు తగ్గించాయి. కానీ ఆ వసతి అందని చిన్నరైతుకు ముప్పు అలాగే మిగిలింది. ఒకప్పుడు ఇలాంటి నిల్వల మీద డీడీటీ వంటి పొడులు చల్లేవారు. గడ్డ లోపలున్న పురుగుకు ఆ పొడి తగలకపోగా, తినే పదార్థానికి విషం అంటడం, పురుగులో మందులను తట్టుకునే శక్తి పెరగడం అనే రెండు కీడులు దాపురించాయి.

దీంతో శాస్త్రజ్ఞుల దృష్టి పురుగు పుట్టినింటి వైపు మళ్లింది. ఒక జీవిని దాని సహజ శత్రువైన మరో జీవితో అదుపు చేసే ఈ పద్ధతినే జీవ నియంత్రణ అంటారు. దక్షిణ అమెరికాలో దొరికిన శత్రువుల్లో కోపిడోసోమా కోహ్లెరి అనే అతిచిన్న కందిరీగ జాతి కీటకం ముఖ్యమైనది. ఇది దుంప తొలిచే పురుగు గుడ్డులో తన గుడ్డు పెడుతుంది. ఆ ఒక్క గుడ్డు పలుమార్లు విభజన చెంది పదుల సంఖ్యలో పిండాలవుతుంది. ఈ ప్రక్రియకు బహుపిండత అని పేరు. లద్దె పురుగు ఏమీ ఎరగనట్టు తింటూ పెరుగుతుంది గానీ, ప్యూపాగా మారవలసిన దశలో దాని శరీరం లోపలి పిల్లలకు ఆహారమై, గట్టిపడిన తొడుగుగా మిగులుతుంది. ఆ తొడుగును చీల్చుకొని కొత్త కందిరీగలు గుంపుగా బయటికి వస్తాయి. దక్షిణాఫ్రికా, జింబాబ్వే, జాంబియా దేశాల్లో ఈ కీటకం స్థిరపడి పురుగు తీవ్రతను బాగా తగ్గించింది. బెంగళూరులో 1957లో ఏర్పడిన కామన్వెల్త్ జీవ నియంత్రణ సంస్థ కేంద్రం ద్వారా 1960ల్లో ఇది భారతదేశానికి చేరింది. గుడ్డు దశలోనే పురుగును ఆశ్రయించే కిలోనస్ బ్లాక్‌బర్ని అనే మరో పరాన్నజీవిని కూడా దీనికి తోడుగా వాడతారు.

కీటకాలకు తోడుగా సూక్ష్మజీవులు కూడా ఈ పనిలో ఉపయోగపడ్డాయి. దుంప తొలిచే పురుగుకు సోకే ఒక గ్రాన్యులోవైరస్, అంటే రేణువుల రూపంలో ఉండే వైరస్, లద్దె పురుగు కడుపులో చేరి కణాలను నాశనం చేస్తుంది. పురుగు పాలలా తెల్లబడి, మందగించి చనిపోతుంది. పెరూ రాజధాని లీమాలోని అంతర్జాతీయ ఆలుగడ్డ కేంద్రం ఈ వైరస్‌ను టాల్క్ పొడిలో కలిపి, నిల్వ గడ్డలకు పట్టించే సులువైన పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. సిమ్లాలోని కేంద్రీయ ఆలుగడ్డ పరిశోధన సంస్థ మామూలు కొట్టాల కోసం మరింత చౌకైన ఉపాయాన్ని సూచించింది: ఎండిన లాంటానా లేదా నీలగిరి ఆకుల పొరను గడ్డల కింద, పైన పరిస్తే, తల్లి పురుగు గుడ్లు పెట్టడానికి దగ్గరికి రాదు. పొలంలో మొక్కల మొదళ్లకు మట్టి ఎగదోసి గడ్డలు బయటపడకుండా చూడడం, నేల పగుళ్లివ్వకుండా తడులు పెట్టడం, తవ్విన గడ్డలను రాత్రంతా పొలంలో వదలకపోవడం ఈ శత్రుకీటకాలకు, వైరస్‌కు దన్నుగా నిలిచే పనులు.

పాతబస్తీకి నైరుతిన ఉన్న రాజేంద్రనగర్‌లో 1966లో సస్యరక్షణ శిక్షణ కేంద్రంగా మొదలైన సంస్థ నేడు జాతీయ మొక్కల ఆరోగ్య నిర్వహణ సంస్థగా మిత్రకీటకాలను పెంచే పద్ధతులను నేర్పుతోంది. ఈ శిక్షణ అవసరం ఎంతటిదో ఇటీవలి చరిత్రే చెబుతుంది. దుంప తొలిచే పురుగు కుటుంబానికే చెందిన, దక్షిణ అమెరికాలోనే పుట్టిన టూటా అబ్సల్యూటా అనే టమాటా పురుగు 2006లో స్పెయిన్‌కు, 2014లో మహారాష్ట్రకు చేరి, మరుసటి ఏడాదే తెలంగాణ టమాటా పొలాల్లో కనిపించింది. నూరేళ్ల కిందట ఇటలీ గడ్డలతో జరిగినదే మళ్లీ జరిగింది. కాబట్టి విత్తనపు సరుకును సరిహద్దులోనే పరీక్షించడం ఎంత అవసరమో, ఒక పురుగు వచ్చిందని తెలిసిన వెంటనే దాని పుట్టినింటి శత్రువులను వెతికి, పరీక్షించి, రైతు చేతికి అందించే ఏర్పాటు అంత అవసరం. మొదటి పురుగు విషయంలో ఆ పనికి పట్టిన దశాబ్దాల జాప్యాన్ని రెండో దాని విషయంలో వ్యవసాయం భరించలేదు.