గాలితో వంట: మ్యూనిక్ నుంచి మన వంటగట్టు దాకా

ఈ ఎపిసోడ్‌లో వంటగట్టు మీద కూర్చునే ఒక చిన్న డబ్బా చరిత్ర చెప్పుకుందాం. అదే కన్వెక్షన్ ఓవెన్. కొందరి ఇళ్ళలో ఫ్యాన్ ఉన్న ఓటీజీ రూపంలో ఉంటుంది, కొందరి ఇళ్ళలో బుట్టలాంటి ఎయిర్ ఫ్రయర్ రూపంలో ఉంటుంది. పేరేదైనా లోపల జరిగేది ఒకటే. కాయిల్ వేడెక్కుతుంది, ఫ్యాన్ ఆ వేడి గాలిని పదార్థం చుట్టూ తిప్పుతుంది.

"ఎంతో పోసి కొన్నామండీ, మన వంటలు ఇందులో కావు, మూలన పెట్టేశాం" అనే మాట తరచుగా వింటుంటాను. నాకు ఆ మాట ఒప్పుకోబుద్ధి కాదు. ఈ యంత్రం దేనికోసం పుట్టిందో తెలిస్తే, దాన్ని ఏం అడగాలో, ఏం అడగకూడదో కూడా తెలుస్తుంది. అందుకే ఈ చరిత్ర.

కథ 18వ శతాబ్దం చివర్లో మొదలవుతుంది. బెంజమిన్ థాంప్సన్ అనే ఆయన 1753లో అమెరికాలోని మసాచుసెట్స్‌లో పుట్టాడు. స్వాతంత్ర్య యుద్ధంలో బ్రిటిష్ వాళ్ళ పక్షాన నిలబడి, ఆ తర్వాత జర్మనీలోని బవేరియా పాలకుడి కొలువులో చేరాడు. కౌంట్ రమ్‌ఫర్డ్ అన్న బిరుదు అక్కడిదే. మ్యూనిక్‌లో బిచ్చగాళ్ళని ఒకచోట చేర్చి పని, తిండి ఇచ్చే ఏర్పాటు చేశాడు. అంతమందికి రోజూ వండాలంటే కట్టెలు ఎన్ని కావాలి? ఆ రోజుల్లో వంటంతా మూత లేని మంట మీదే. వేడిలో ఎక్కువ భాగం పొగగొట్టంలోంచి పైకి పోయేది. ఆయన బుర్ర అక్కడ పడింది.

అసలు వేడి ఎలా కదులుతుంది? ఉడికించిన ఆపిల్ గుజ్జు నోరు కాల్చేంత వేడిని అంతసేపు ఎందుకు నిలుపుకుంటుందని ఆయనకి సందేహం వచ్చింది. మన దగ్గర వేడి వేడి పప్పుముద్ద కూడా అంతే కదా! మరోసారి పెద్ద థర్మామీటర్‌ని కిటికీలో ఎండకి పెడితే, లోపలి ద్రవంలో ధూళి కణాలు ఒకవైపు పైకి, ఇంకోవైపు కిందికి పరుగెత్తడం చూశాడు. ద్రవం తానే కదులుతూ వేడిని మోసుకుపోతోంది. చిక్కటి గుజ్జులో ఆ కదలిక లేదు, అందుకే వేడి లోపలే ఉండిపోతోంది. ఇలా మోసుకుపోవడానికి కన్వెక్షన్ అనే పేరు 1834లో విలియం ప్రౌట్ అనే ఇంగ్లీషు వైద్యుడు పెట్టాడు.

రమ్‌ఫర్డ్ ఈ ఆలోచనతో ఒక రోస్టర్ తయారుచేశాడు. ఇటుకల కట్టడంలో అమర్చిన ఇనపరేకు గొట్టం అది. కింద మంట, లోపల మాంసం. దాని అడుగున మంట తగిలేలా రెండు చిన్న గొట్టాలు పెట్టాడు. మొదట వాటిని మూసి ఉంచాలి. మాంసం తన తేమలో తాను మెత్తగా మగ్గుతుంది. చివర్లో మంట పెంచి, ఆ గొట్టాలూ పైన ఆవిరి పోయే దారీ తెరవాలి. ఎర్రగా కాలిన గొట్టాల్లోంచి వేడి గాలి జోరుగా వచ్చి మాంసం మీదుగా వీస్తుంది. పైతేమ ఆరిపోతుంది, రంగు వస్తుంది. మన ఊదుగొట్టం గాలిని నిప్పు మీదికి పంపితే, ఈయన గొట్టం గాలిని తిండి మీదికి పంపింది. అమెరికాలో పోర్ట్స్‌మత్ అనే ఊళ్ళో 1807లో కట్టిన రండ్లెట్-మే ఇంట్లో ఇలాంటి రోస్టర్ ఇప్పటికీ ఉంది.

ఇందులో ఫ్యాన్ లేదు, కరెంటు లేదు. ఫ్యాన్ రావడానికి ఒక యుద్ధం కావలసి వచ్చింది.

రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులు విమానాల్లో గంటల తరబడి ప్రయాణించేవాళ్ళు. దారిలో వేడి భోజనం పెట్టాలంటే ఎలా? విలియం మాక్సన్ అనే అమెరికన్ ఇంజనీరు, యుద్ధంలో తుపాకుల అమరికలు తయారుచేసిన కంపెనీ ఆయనదే, 1945 ప్రాంతంలో దీనికి ఉపాయం కనిపెట్టాడు. మాంసం, కూర, బంగాళదుంప మూడు అరల్లో పెట్టిన గడ్డకట్టిన భోజనం ప్లేటు ఒకటి, దాన్ని వేడిచేసే తేలికపాటి ఓవెన్ ఒకటి. ఆ ఓవెన్‌లో ఫ్యాన్ వేడి గాలిని తిప్పుతుంది. పేరు వర్ల్‌విండ్, అంటే సుడిగాలి. అమెరికా నౌకాదళ విమానాల్లోనూ, ఆ తర్వాత పాన్ అమెరికన్ విమానాల్లోనూ వాడారు. 1947లో మాక్సన్ చనిపోయాడు, ఆయన భోజనం ప్లేట్లు ఇళ్ళదాకా రాలేదు. గట్టు మీద పెట్టుకునే ఫ్యాన్ ఓవెన్లు అమెరికా ఇళ్ళలోకి 1970లలో వచ్చాయి. 2010లో ఫిలిప్స్ కంపెనీ బెర్లిన్ ప్రదర్శనలో ఎయిర్ ఫ్రయర్‌ని చూపించింది. దాని వెనక ఉన్నది ఫ్రెడ్ వాన్ డెర్ వే అనే డచ్చి ఆవిష్కర్త.

ఇక్కడే మన చిక్కంతా మొదలైంది. ఫ్రయర్ అనగానే మనకి మూకుడు, నూనె, బజ్జీ గుర్తొస్తాయి. కానీ ఈ యంత్రం వంశం చూడండి. రమ్‌ఫర్డ్ నుంచి ఇప్పటిదాకా ఇది కాల్చే యంత్రమే. కాగిన నూనె పదార్థాన్ని అన్నివైపులా అంటుకుని గాలికన్నా ఎన్నో రెట్లు వేగంగా వేడినిస్తుంది, అందుకే జారుడు పిండి క్షణాల్లో గట్టిపడుతుంది. గాలికి ఆ శక్తి లేదు. పిండి జాలీలోంచి కారిపోతుంది.

మా పిన్ని తెనాలిలో ఒక్కత్తే ఉంటుంది. అమెరికాలో ఉన్న కూతురు డబ్బులు పంపి ఈ ఓవెన్ కొనిపించింది. పిన్ని మొదటిరోజే మిరపకాయ బజ్జీలు వేసి చూసి, "ఇది బజ్జీ కాదురా, ఎండబెట్టిన పిండి" అంది. ఆ తర్వాత అది పోపుడబ్బాలు పెట్టుకునే బల్ల అయింది. ఇంతకీ పిన్నికి నిజంగా లోటైంది బజ్జీ కాదు, దిబ్బరొట్టె. మా అమ్మమ్మ కుంపటి మీద మందపాటి గిన్నెలో మినపపిండి పోసి, మూత మీద కూడా నిప్పులు వేసేది. కిందా పైనా వేడి. ఓవెన్ అన్న మాట వినని అమ్మమ్మ చేసింది ఓవెన్ వంటే. డెబ్బై దాటిన పిన్ని మోకాళ్ళకి ఇప్పుడు కుంపటి ముందు కూర్చునే ఓపిక లేదు. గ్యాస్ మీద చేస్తే అడుగు మాడి పైభాగం తెల్లగా ఉండిపోతోంది.

రమ్‌ఫర్డ్ పద్ధతే చేద్దామన్నాను. ఓవెన్‌ని 180 డిగ్రీలకి వేడిచేసి, నూనె రాసిన ఇనప గిన్నెలో రెండు వేళ్ళ మందాన పిండి పోసి, మొదటి ఇరవై నిమిషాలు మూతపెట్టి ఉంచాం. లేకపోతే ఫ్యాన్ గాలికి పైన ముందే పొక్కు కట్టి లోపల పచ్చిగా ఉండిపోతుంది. తర్వాత మూత తీసేసి, పైన కాస్త నూనె రాసి, ఇంకో ఇరవై నిమిషాలు. గాలి తగలగానే పైతేమ ఆరింది, ఎర్రబడింది. నీరున్నంతసేపు ఏ పదార్థం పైభాగమూ 100 డిగ్రీలు దాటదు. ఎరుపూ, కమ్మటి వాసనా రావాలంటే ముందు అది ఆరాలి. ఈ రంగు వెనక ఉన్న రసాయన చర్యని 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు వివరించాడు. పిన్ని రొట్టె విరిచి చూసి, "అంచు మా అమ్మ చేసినట్టు రాలేదు గానీ, లోపల బాగా కాలింది" అంది. పోపుడబ్బాలు అలమారలోకి వెళ్ళాయి.

చివరగా పనికొచ్చే మాటలు కొన్ని. ఫ్యాన్ లేని ఓవెన్ కోసం రాసిన కొలతైతే 20 డిగ్రీలు తగ్గించండి. గాలి పదార్థం చుట్టూ ఉండే చల్లటి పొరని చెదరగొడుతుంది, అందుకే తక్కువ వేడి చాలు. బుట్ట కిక్కిరిసేలా నింపితే గాలికి దారుండదు, ఉడుకుతుంది తప్ప కాలదు. బెండకాయ ముక్కలు, చిలగడదుంప, నూనె రాసిన గుత్తి వంకాయ దీనికి నప్పుతాయి. బజ్జీ, పునుగు మూకుడుకే వదిలేయండి. 1500 వాట్ల ఓవెన్ ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది, చిన్న ప్లగ్గులో పెట్టకండి, పెద్ద పవర్ ప్లగ్గు వాడండి. నలభై నిమిషాలకి ఖర్చు ఒక యూనిట్ లోపే.

కట్టెలు మిగల్చాలని ఒకాయన, విమానంలో వేడి భోజనం పెట్టాలని ఇంకొకాయన ఆలోచిస్తే ఈ డబ్బా వచ్చింది. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకి, వంగి నిప్పు ఊదలేని వాళ్ళకి, తమకి నచ్చింది తామే వండుకునే వీలు ఇందులో ఉంది. మీ ఇంట్లో మూలన ఉంటే ఒకసారి తీసి చూడండి. ఏం చేశారో, ఎలా వచ్చిందో నాకు చెప్పండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.