గుండెల్లో మంట: కోసే ముందు లోపల చూడటం ఎలా మొదలైంది?

బందరు, గుడివాడ, అవనిగడ్డ.. ఎక్కడికెళ్లినా ఈ మాట వినిపిస్తుంది: "గ్యాస్ పట్టేసింది రా, గుండెల్లో ఒకటే మంట." మెడికల్ షాపులో మాత్ర కొని వేసుకుంటాం, అంతే. కానీ ఆ మంటకి ఆపరేషన్ చేయాలంటే మాత్రం సర్జన్ మన మాట ఒక్కటే నమ్మడు. ముందు లోపల చూడాలంటాడు. ఎందుకు?

నోటి నుంచి పొట్టకి వెళ్లే గొట్టమే అన్నవాహిక. పొట్టలోని యాసిడ్ పదేపదే పైకి ఎగదన్నితే లోపలి పొర వాచి పుండ్లు పడతాయి. అదే ఈసోఫజైటిస్.

1868లో జర్మనీ డాక్టర్ కుస్‌మాల్, కత్తులు మింగే గారడీవాడి గొంతులోకి తిన్నటి గొట్టం దింపాడు. దారి దొరికింది, వెలుతురే చాల్లేదు. 1932లో రుడాల్ఫ్ షిండ్లర్ కాస్త వంగే గొట్టం తెచ్చాడు. 1954లో మన పంజాబ్‌లో పుట్టిన నరీందర్ కపానీ, హాప్‌కిన్స్‌తో కలిసి, గాజు పోగుల కట్టలోంచి బొమ్మని పంపొచ్చని చూపించాడు. అది చదివిన హిర్షోవిట్జ్ అమెరికాలో బాగా వంగే ఎండోస్కోప్ చేయించి, 1957లో ముందు తనే మింగాడు!

ఈలోపు 1956లో రుడాల్ఫ్ నిస్సెన్ అనే సర్జన్, పొట్ట పైభాగాన్ని అన్నవాహిక చుట్టూ చుట్టి కుట్టే ఆపరేషన్‌ని ప్రచురించాడు. యాసిడ్ పైకి రాకుండా అడ్డుకట్ట అన్నమాట.

చిక్కు ఇక్కడే ఉంది. అకలేషియా అనే జబ్బులో అన్నవాహిక కింది కవాటం సరిగ్గా తెరుచుకోదు. వాళ్లకీ మంట ఉండొచ్చు, తిన్నది పైకి రావచ్చు. పొరపాటున ఈ కుట్టు వేస్తే ముద్ద దిగడం ఇంకా కష్టమవుతుంది. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు రూల్ ఒకటే: లాగ్ చూడకుండా కోడ్ ముట్టుకోకూడదు. కోడ్‌ని వెనక్కి తిప్పొచ్చు, కడుపుని తిప్పలేం కదా!

అందుకే ముందు ఎండోస్కోపీ. పుండ్లకి ఎ నుంచి డి దాకా లాస్ ఏంజెలిస్ గ్రేడ్లు ఇస్తారు: 5 మిల్లీమీటర్లు దాటకపోతే ఎ, గొట్టం చుట్టుకొలతలో 75 శాతమో ఆపైనో ఉంటే డి. పుండు స్పష్టంగా లేకపోతే యాసిడ్ టెస్ట్. కుట్టు వేసే ముందు కండరాల ప్రెజర్ టెస్ట్ కూడా.

ఆపరేషన్ తర్వాత కూడా జాగ్రత్తే. కేన్సర్ వల్ల పొట్ట మొత్తం తీసేసినవాళ్లలో పైకి వచ్చేది యాసిడ్ కాదు, పైత్యరసం. అక్కడ మామూలు గ్యాస్ మాత్ర పనిచేయదు.

షిండ్లర్ పేరు మీద అమెరికాలో ఎండోస్కోపీకి పెద్ద అవార్డు ఉంది. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివిన మన డాక్టర్ నాగేశ్వర్ రెడ్డి గారు కూడా అది అందుకున్నారు. బందరులో కూడా 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది.

ఇంట్లో ఎవరికైనా ముద్ద దిగకపోయినా, ఊరికే బరువు తగ్గుతున్నా, వాంతిలో రక్తం కనబడినా మాత్రతో సరిపెట్టకండి. మంటతో పాటు చెమటలు పడితే ముందు ఈసీజీ. ఈ వీడియో మీ ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టండి. ఉంటా మరి!