చీటీలో పడ్డ బడి

వాషింగ్టన్ నగరంలో మూడేళ్ళ పిల్లని సర్కారు డబ్బుతో నడిచే బడిలో వెయ్యాలంటే లాటరీలో పేరు రావాలి. ఈ చరిత్రను మేం లాటరీ దగ్గర కాకుండా బడి గుమ్మం దగ్గర మొదలుపెడతాం. 1950లో సౌసా జూనియర్ హైస్కూల్ నల్ల పిల్లల్ని గుమ్మంలోంచే తిప్పి పంపింది. అందులోంచి పుట్టిందే బోలింగ్ కేసు. 1954 మే 17న సుప్రీం కోర్టు వేరు బడులు చెల్లవంది. తెల్లవాళ్ళు శివార్లకి తరలిపోయారు. తెలివి పేరిట పిల్లల్ని అరలుగా విడగొట్టే పద్ధతిని కొట్టేయించడానికి జూలియస్ హాబ్సన్ మళ్ళీ కోర్టుకెక్కాల్సొచ్చింది, 1967లో గెలిచాడు.

1995 చట్టంతో చార్టర్ బడులొచ్చాయి: సర్కారు డబ్బు, బయటివాళ్ళ పెత్తనం. 2014 నుంచి సర్కారు బడులకీ, చార్టర్లలో ఎక్కువవాటికీ ఒకే లాటరీ. తల్లిదండ్రులు 12 బడుల దాకా ఇష్టాన్నిబట్టి వరసగా రాస్తారు, కంప్యూటర్ నంబరిస్తుంది. కిండర్‌గార్టెన్ నుంచి తమ హద్దులోని బడిలో సీటు హక్కే. అంతకుముందు రెండేళ్ళూ చాలా చోట్ల హద్దులో ఇల్లున్నా ముందు వరసే తప్ప హక్కు లేదు. ఆ ముందు వరస కూడా మంచి బడి పక్కన ఇల్లు కొనగలిగినవాళ్ళకే కదా!

పెద్దోళ్ళకి వేరే దారులుంటాయి. నగర బడుల చాన్సలర్ కూతురే లాటరీ లేకుండా కోరుకున్న హైస్కూల్లో చేరిన సంగతి బయటపడి, 2018 ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశాడు.

ఇక్కడ 2009 విద్యాహక్కు చట్టం ప్రైవేటు బడుల్లో పేద, అణగారిన పిల్లలకిచ్చిన 25 శాతం సీట్లకీ చాలా రాష్ట్రాల్లో చీటీలే తీస్తున్నారు. వాషింగ్టన్‌లో ఈమధ్య కొన్ని బడులు పేద పిల్లలకి సీట్లు విడిగా పెడుతున్నాయి. వాళ్ళు దాన్ని ‘సమాన ప్రవేశం’ అంటున్నారు. మనోళ్ళకది రిజర్వేషన్ లాగే వినపడుతుంది.